ఆడిట్ విభాగాన్ని ఎవరు తూస్తారు? ఇంటర్నల్ ఆడిట్‌పై బయటి మదింపు, దాని లోతుపాతులు

ఇంటర్నల్ ఆడిటర్ల అంతర్జాతీయ సంస్థ ఐఐఏ తెచ్చిన కొత్త ప్రమాణాలు 2025 జనవరి 9న అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఇంటర్నల్ ఆడిట్ విభాగం అయిదేళ్లకు ఒకసారైనా బయటివాళ్లతో తన పనిని మదింపు చేయించుకోవాలి. 2021 నవంబరులో ఆ పని పూర్తి చేసిన విభాగానికి 2026 నవంబరుతో గడువు తీరుతుంది. ఈసారి దాన్ని కొలిచేది కొత్త ప్రమాణాలతోనే. ప్రమాణాలు మారాయి కదా అని అయిదేళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలు కాదు.

బోర్డులోని ఆడిట్ కమిటీ అజెండాలో ‘ఈక్యూఏ’, అంటే ఈ బయటి మదింపు, అన్న అంశం కనపడగానే డైరెక్టర్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. స్టాట్యుటరీ ఆడిటర్లు ఉన్నారు, ప్రభుత్వ కంపెనీ అయితే కాగ్ ఉంది, మళ్లీ ఆడిట్ వాళ్లకు ఆడిట్ ఎందుకు? ప్రశ్న సబబైనదే. దానికి జవాబు దొరకాలంటే ముందు ఎవరు ఎవరి పనిని చూస్తారో విడదీసుకోవాలి.

ఎవరి పనిని ఎవరు చూస్తారు

కంపెనీ ఆర్థిక నివేదికలు నిజమైన చిత్రాన్ని చూపుతున్నాయా అన్నది స్టాట్యుటరీ ఆడిటర్ చూస్తారు. ఆయన నివేదిక వాటాదారులకు వెళ్తుంది. ప్రభుత్వ కంపెనీ అయితే ఆపైన కాగ్ అనుబంధ ఆడిట్ చేయవచ్చు. స్టాట్యుటరీ ఆడిట్ చేసే సీఏ ఫర్మ్‌ల పనిని సీఏల సంస్థ ఐసీఏఐ ఏర్పాటు చేసిన పీర్ రివ్యూ, అంటే తోటి సీఏలు చేసే పరిశీలన, చూస్తుంది. లిస్టెడ్, పెద్ద కంపెనీల ఆడిటర్ల విషయంలో 2018లో ఆడిటర్ల నియంత్రణ సంస్థగా ఏర్పాటైన ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ తనిఖీ చేస్తుంది.

ఇంటర్నల్ ఆడిట్ విభాగం పని వేరు. అది కంపెనీ లోపలి వ్యవహారాన్ని చూస్తుంది. గేటు దగ్గర సరకు తూకం ఎలా జరుగుతోంది, కొనుగోలు ఆర్డరుకు ఆమోదం ఎవరు ఇస్తున్నారు, సాఫ్ట్‌వేర్‌లో ఎవరికి ఏ అనుమతి ఉంది, వ్యర్థజలాల రికార్డులు రోజూ రాస్తున్నారా లేక నెలాఖరున ఒక్కసారిగా నింపుతున్నారా, ఇలాంటివి. ఈ విభాగం తన పనిని ఎలా చేస్తోందో పైన చెప్పిన వాళ్లెవరూ పూర్తిగా చూడరు. దాని పనిని వాడుకోదలచినప్పుడు స్టాట్యుటరీ ఆడిటర్ తనకు కావలసిన మేరకు పరిశీలిస్తారు, అంతే. మిగిలిన ఖాళీ కోసమే ఎక్స్‌టర్నల్ క్వాలిటీ అసెస్‌మెంట్, అంటే ఈక్యూఏ.

ఒక అపోహను ఇక్కడే తీసేయాలి. ఈక్యూఏ కంపెనీని తనిఖీ చేయదు, మోసాలను వెతకదు. విభాగం మంచి రేటింగు తెచ్చుకుంది కాబట్టి కంపెనీలో అవకతవకలు లేవని అనుకోకూడదు. లోపాలు పట్టుబడటానికి వీలైన పద్ధతిలో పని జరుగుతోందా అన్నంతవరకే అది చెబుతుంది.

చట్టం అడిగేది కొంత, ప్రమాణాలు అడిగేది ఎక్కువ

కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 138 కొన్ని కంపెనీలకు ఇంటర్నల్ ఆడిటర్‌ను తప్పనిసరి చేసింది. లిస్టెడ్ కంపెనీలన్నీ దాని కిందికి వస్తాయి. లిస్టు కాని పబ్లిక్ కంపెనీ అయితే అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో చెల్లించిన మూలధనం 50 కోట్లు, లేదా టర్నోవర్ 200 కోట్లు, లేదా డిపాజిట్లు 25 కోట్లు ఉన్నా, బ్యాంకుల అప్పులు 100 కోట్లు దాటినా వస్తుంది. ప్రైవేట్ కంపెనీకి టర్నోవర్ 200 కోట్లు లేదా అప్పులు 100 కోట్లకు పైన అన్న రెండు గీటురాళ్లే. ఇంటర్నల్ ఆడిటర్‌గా చార్టర్డ్ అకౌంటెంట్‌ను గానీ, కాస్ట్ అకౌంటెంట్‌ను గానీ, బోర్డు నిర్ణయించిన మరో వృత్తి నిపుణుణ్ని గానీ నియమించవచ్చు.

ఈ సెక్షన్‌లో ఈక్యూఏ మాటే లేదు. చేయించకపోతే కంపెనీల చట్టం కింద జరిమానా కూడా లేదు. సెబీ లిస్టింగ్ నిబంధనలు ఇంకొంచెం ముందుకెళ్లి ఇంటర్నల్ ఆడిట్ విభాగం తగినంతగా ఉందా, సిబ్బంది చాలుతున్నారా, హెడ్ హోదా ఏమిటి, ఆయన ఎవరికి రిపోర్ట్ చేస్తున్నారు అన్నవి ఆడిట్ కమిటీ సమీక్షించాలంటాయి. రిజర్వు బ్యాంకు 2021 ఫిబ్రవరి 3 నాటి సర్క్యులర్‌లో 500 కోట్ల ఆస్తులు, ఆపైన ఉన్న అర్బన్ కో-ఆపరేటివ్ బ్యాంకులను, పెద్ద బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలైన ఎన్‌బీఎఫ్‌సీలను ఇంటర్నల్ ఆడిట్ అంతటికీ వర్తించే నాణ్యతా కార్యక్రమం పెట్టుకోమంది. అందులో భాగంగా ఏడాదికి ఒకసారైనా మదింపు ఉండవచ్చని సూచించింది. ఇది వార్షిక మదింపు. అయిదేళ్లకోసారి బయటివాళ్లు చేసేదానికి బదులు కాదు.

మన విశాఖ సంస్థలనే తీసుకుంటే, వాటి మీద ఇది ఒకేలా పడదు. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ లిస్టెడ్ కంపెనీ, ప్రధాన కార్యాలయం ఇక్కడే. సెక్షన్ 138, సెబీ నిబంధనలు రెండూ వర్తిస్తాయి. హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఇక్కడున్నా కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబై. ఈక్యూఏ కొలిచేది యూనిట్‌ను కాదు, మొత్తం ఇంటర్నల్ ఆడిట్ విభాగాన్ని. విశాఖ పోర్టు 2021 నాటి మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం కింద నడిచే అథారిటీ, కంపెనీ కాదు. దానికి సెక్షన్ 138 వర్తించదు. పరవాడ, అచ్యుతాపురం వైపు ఉన్న మందుల, రసాయనాల కంపెనీల్లో మాత్రం టర్నోవర్ గీటురాయి దగ్గర ఎటున్నామో ఎవరికి వారు చూసుకోవాలి.

చట్టం అడగనప్పుడు చేయించడం దేనికి? విభాగం తన అధికారాలు, బాధ్యతలు రాసుకునే చార్టర్‌లో గానీ నివేదికల్లో గానీ ‘ఐఐఏ ప్రమాణాలకు అనుగుణంగా పనిచేస్తున్నాం’ అని రాసుకుంటే ఆ మాటకు ఆధారం ఉండాలి. ఆ ఆధారంలో ఈక్యూఏ తప్పనిసరి భాగం. ఐసీఏఐకి ఇంటర్నల్ ఆడిట్ మీద సొంత ప్రమాణాలు వేరే ఉన్నాయి. కాబట్టి చార్టర్‌లో ఏ ప్రమాణాలు అని రాశారన్నది ముందుగా చూసుకోవాలి. ఎవరి చార్టర్‌నో కాపీ కొట్టి ఐఐఏ పేరు పెట్టుకుని, అది ఏమడుగుతుందో చదవని విభాగాలే ఇక్కడ ఎక్కువగా ఇరుక్కుంటాయి.

కొత్త ప్రమాణాల్లో బోర్డు కూడా కాటా ఎక్కింది

కొత్త ప్రమాణాలు అయిదు విభాగాలు, 15 సూత్రాలు, 52 ప్రమాణాలుగా ఉన్నాయి. మొదటి విభాగం ఇంటర్నల్ ఆడిట్ ప్రయోజనం గురించి. రెండోది నీతి, వృత్తి నియమాలు. మూడోది ఆ విభాగంపై పాలన, నాలుగోది దాని నిర్వహణ, అయిదోది ఒక్కో ఆడిట్‌ను చేసే తీరు.

అసలు మార్పు మూడో విభాగంలో ఉంది. ఆడిట్ హెడ్ ఏం చేయాలో చెప్పడంతో ఆగకుండా బోర్డు, పై యాజమాన్యం ఏం చేయాలో అందులో విడిగా రాశారు. వాటిని ‘తప్పనిసరి పరిస్థితులు’ అనుకోవచ్చు. ఆడిట్ హెడ్ నియామకం, తొలగింపు మీద బోర్డుకు అధికారం ఉండాలి. యాజమాన్యం లేకుండా బోర్డు ఆయనతో మాట్లాడే వీలుండాలి. బడ్జెట్ చాలకపోతే దాని ఫలితం ఏమిటో బోర్డుకు తెలియాలి. ఇవి లేనప్పుడు ఆడిట్ సిబ్బంది ఎంత బాగా పనిచేసినా మదింపు చేసే అసెసర్ ఆ లోటును రాయక తప్పదు.

ఇది మంచి మార్పు. ఆడిట్ హెడ్ జీతం పెంపును ఫైనాన్స్ అధిపతి అయిన సీఎఫ్‌ఓ నిర్ణయిస్తూ, ఆడిట్ ప్లాన్‌లో ఫైనాన్స్ విభాగం మూడేళ్లుగా లేకపోతే, ఆ తప్పును ఆడిట్ కుర్రాళ్ల వర్కింగ్ పేపర్ల (ఆడిట్ చేసేటప్పుడు రాసుకునే కాగితాల) మీదకు నెట్టడం అన్యాయం. ఆడిట్ హెడ్ రోజువారీ పరిపాలన విషయాల్లో ఎండీకి, పని విషయంలో ఆడిట్ కమిటీకి జవాబుదారీగా ఉండటం అందరూ మెచ్చే ఏర్పాటు. సీఎఫ్‌ఓ కింద ఉండటాన్ని ప్రమాణాలు ఒక్క వాక్యంతో నిషేధించలేదు. కానీ అప్పుడు స్వతంత్రతకు ఏ రక్షణలు ఉన్నాయో కాగితం మీద చూపాలి.

దీనికి తోడు ప్రత్యేక అంశాల మీద ‘టాపికల్ రిక్వైర్‌మెంట్స్’ వస్తున్నాయి. సైబర్ భద్రత మీద వచ్చినది 2026 ఫిబ్రవరి 5 నుంచి అమలు. సైబర్ భద్రతను ఆడిట్ చేస్తే దాన్ని పాటించామని చూపాలి, లేదా ఏ భాగం ఎందుకు వర్తించదో రాసి ఉంచాలి.

బయటివాళ్లంటే ఎంత బయట

అసెసర్ల బృందంలో కనీసం ఒకరికి చెల్లుబాటులో ఉన్న సీఐఏ, అంటే సర్టిఫైడ్ ఇంటర్నల్ ఆడిటర్ అర్హత ఉండాలి. సీఏ అయి ఉండటం ఒక్కటే చాలదు. చాలా టెండర్లు ఈ షరతు దగ్గరే తప్పుతాయి. ‘పదేళ్ల అనుభవం గల సీఏ ఫర్మ్’ అని రాసి సీఐఏ మాట మరచిపోతే, పని పూర్తయ్యాక కూడా ప్రమాణం నెరవేరదు.

అదే గ్రూపులోని మరో కంపెనీ ఆడిట్ విభాగం వచ్చి చూస్తే అది బయటి మదింపు కాదు. మాతృసంస్థ వాళ్లు వచ్చినా అంతే. ‘మీది మేం చూస్తాం, మాది మీరు చూడండి’ అని రెండు సంస్థలు మాట్లాడుకోవడం కుదరదు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ సంస్థలు వలయంగా ఒకదాన్నొకటి చూసుకోవచ్చు: ఒకటో సంస్థ రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది ఒకటోదాన్ని. ఖర్చు తగ్గించుకోవాలనుకునే మధ్యతరహా సంస్థలకు ఇది పనికొచ్చే దారి. ఒకే వ్యాపారంలో పోటీపడేవాళ్లయితే మాత్రం రహస్య సమాచారం దగ్గర చిక్కులొస్తాయి.

మదింపు సాగే క్రమం

పరిధి, పద్ధతి, అసెసర్ల అర్హతలు, ఎప్పుడు చేయించాలి అన్నవి బోర్డు ఆమోదంతో మొదలవుతాయి. తర్వాత విభాగం తన పత్రాలు సిద్ధం చేస్తుంది. చార్టర్, ఆడిట్ మాన్యువల్, రిస్కుల మదింపు, వార్షిక ప్లాన్, సిబ్బంది అర్హతలు, శిక్షణ రికార్డు, ఆడిట్ కమిటీ మినిట్స్, గత మదింపు లోపాల మీద తీసుకున్న చర్యలు అందులో ఉంటాయి. ఆడిట్ కమిటీ ఛైర్మన్, ఎండీ, సీఎఫ్‌ఓ, స్టాట్యుటరీ ఆడిటర్, ఆడిట్‌కు గురైన విభాగాల అధిపతులు, ఆడిట్ సిబ్బంది, వీళ్లందరితో విడివిడిగా ముఖాముఖి ఉంటుంది. ఆపైన కొన్ని ఆడిట్ ఫైళ్లను ఎంచి మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతారు.

ముఖాముఖిలో భాష చిన్న విషయం కాదు. స్టోర్సు ఇన్‌ఛార్జిని బయటి ఊరి కన్సల్టెంట్ ఇంగ్లీషులో అడిగితే ‘ఆడిట్ బాగానే జరుగుతుంది సార్’ అని ముగించేస్తారు. తెలుగులో అడిగితే ‘రావడం వస్తారండీ, యార్డులోకి మాత్రం దిగరు, రిజిస్టరు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు’ అన్న మాట బయటికొస్తుంది. బృందంలో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండాలని పని అప్పగించేటప్పుడే అడగవచ్చు.

ఫైళ్ల ఎంపిక అసెసర్ చేతిలో ఉండాలి. విభాగమే ‘ఇవి చూడండి’ అని ఇస్తే వచ్చేవి అందంగా సర్దిన ఫైళ్లే. ఏడాదిలో చేసిన ఆడిట్ల పూర్తి జాబితా తీసుకుని, పెద్దవి, చిన్నవి, సగంలో ఆగినవి, ‘లోపాలేమీ లేవు’ అని ముగిసినవి కలిపి ఏరుకోవాలి. చివరి రకం ఫైలు చాలా చెబుతుంది.

ఒక వేబ్రిడ్జి ఫైలు తెరిస్తే

పరవాడ దగ్గర 340 కోట్ల టర్నోవర్ ఉన్న, లిస్టు కాని ఒక పబ్లిక్ కంపెనీని ఊహించుకుందాం. ముడిసరకు లారీల్లో వస్తుంది, గేటు దగ్గర వేబ్రిడ్జి మీద కాటా వేస్తారు. లోడు బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే నికర బరువు. దాని మీదే సప్లయర్‌కు చెల్లింపు. ఇంటర్నల్ ఆడిటర్ 40 కాటా చీటీలు చూసి ఇలా రాశారు: ‘6 చీటీల్లో ఖాళీ బండిని తూయకుండా కంప్యూటర్‌లో పాత బరువే వాడారు. ఇకముందు తూయాలి.’ నివేదిక తేదీ జూన్ 14.

పైకి చూస్తే మంచి అంశాన్నే పట్టారు. అసెసర్ ఫైలును ఎలా చదువుతారో చూడండి.

ఆడిట్‌కు ముందు రిస్కుల మదింపు ఉందా? ఉంది, కానీ గత ఏడాది పేజీని తేదీ మార్చి పెట్టారు. కొలబద్ద ఏది? ప్రతి ట్రిప్పుకూ ఖాళీ బండిని తూయాలని కంపెనీ విధానంలో ఎక్కడుందో ఫైలులో లేదు. కాటాకు తూనికలు కొలతల శాఖ ఏటా వేయాల్సిన ముద్ర గురించి కూడా ఒక్క ముక్క లేదు. అసలు కాటాయే సరిగ్గా ఉందో లేదో తెలియనప్పుడు మిగతా 34 చీటీలు సరైనవని ఎలా చెప్పారు? నమూనా ఎలా ఎంచారు? నలభై చీటీలూ పగటి షిఫ్టువే. రాత్రి వచ్చే లారీలు ఒక్కటీ లేవు. ఇది ఫైలు మొత్తంలో పెద్ద లోపం. కాపలా తక్కువగా ఉండే వేళే ఎక్కువ రిస్కు ఉన్న వేళ.

కారణం రాశారా? లేదు. ఆపరేటర్ బద్ధకమా, లారీల వరస పొడవై గేటు దగ్గర ఒత్తిడా, పాత బరువును తీసుకోనిచ్చే సాఫ్ట్‌వేర్ సెట్టింగా? మూడింటికీ పరిష్కారాలు వేర్వేరు. మూడోదే కారణమైతే ‘ఇకముందు తూయాలి’ అన్న సిఫారసు నెల కూడా నిలవదు.

ప్రభావం ఎంత? ఫైలులో ఒక మూల రెండు లారీలను మళ్లీ తూసిన కాగితం ఉంది. అసలు ఖాళీ బరువు రికార్డులో ఉన్నదానికన్నా ఒకదానిలో 180 కిలోలు, రెండోదానిలో 140 కిలోలు ఎక్కువ. ఖాళీ బరువు తక్కువగా చూపితే నికర బరువు ఎక్కువగా వస్తుంది, రాని సరకుకు కంపెనీ డబ్బు కడుతుంది. ఏడాదికి 4,000 ట్రిప్పులు, అందులో 15 శాతం అంటే 600 ఇలా జరిగాయనుకుంటే, సగటున 160 కిలోల చొప్పున 96 టన్నులు. టన్ను 9,000 రూపాయలైతే 8 లక్షల 64 వేలు. రెండు లారీల మీద వేసిన లెక్క కాబట్టి ఇది ముతక అంచనాయే, ఆ మాట కూడా రాయాలి. ఆ అంచనా లేకపోవడం వల్ల ఎండీ దృష్టిలో ఇది గుమాస్తా స్థాయి పొరపాటుగా మిగిలిపోయింది.

చివరగా సంతకాలు. ఫైలును సీనియర్ పరిశీలించినట్టు సంతకం ఉంది, తేదీ జూలై 2. నివేదిక వెళ్లిన 18 రోజుల తర్వాత జరిగిన పరిశీలన పర్యవేక్షణ కాదు, ఫైలు నింపడం. ఫాలో-అప్ రిజిస్టర్‌లో ‘పూర్తయింది’ అని ఉంది, ఆధారం ఏమిటంటే యార్డు మేనేజర్ పంపిన రెండు వాక్యాల ఈమెయిల్. తర్వాతి నెల చీటీలు పది తీసి చూస్తే తేలిపోయే విషయం అది.

ఇందులో ఆడిటర్ నిజాయతీని ఎవరూ అనుమానించడం లేదు. ఆయన కష్టపడి రెండు లారీలను మళ్లీ తూయించారు కూడా. పద్ధతి లేకపోవడం వల్ల ఆ కష్టానికి ఫలం దక్కలేదు.

రేటింగు ఎలా తేలుతుంది

ఒక్క ఫైలు బాగాలేదని విభాగం తప్పినట్టు కాదు. చూసిన ఆరు ఫైళ్లలో నాలుగింట పర్యవేక్షణ సంతకం నివేదిక తర్వాతే ఉంటే అది వ్యవస్థ లోపం. పాత ప్రమాణాల కాలంలో ఏళ్లుగా వాడుకలో ఉన్న రేటింగులు మూడు: దాదాపుగా అనుగుణం, పాక్షికంగా అనుగుణం, అనుగుణం కాదు. మొదటిది వచ్చినా మెరుగుపరచుకోవలసినవి ఉండవచ్చు. ‘పాక్షికంగా’ అంటే ప్రయత్నం కనిపిస్తోంది, ముఖ్యమైనవి కొన్ని కుదరలేదు అని.

అనుగుణం కాని చోట ఆడిట్ హెడ్ దాన్ని దాచకుండా బోర్డుకు చెప్పాలి. ఏ ప్రమాణం, ఎందుకు కుదరలేదు, దాని ప్రభావం ఏమిటి, బదులుగా ఏం చేస్తున్నాం అన్నవి రాయాలి. మదింపు ఫలితాలు అసెసర్ నుంచి నేరుగా బోర్డుకు చేరాలని కొత్త ప్రమాణాలు కోరుతున్నాయి. ముసాయిదాను యాజమాన్యం ‘సర్ది’ పంపే అలవాటుకు ఇది అడ్డుకట్ట.

పూర్తి మదింపా, స్వీయ మదింపుకు ధ్రువీకరణా

ఈక్యూఏకు రెండు దారులున్నాయి. మొదటిదానిలో బయటి బృందమే అంతా చూస్తుంది. రెండోదానిలో విభాగం తన్ను తాను మదింపు చేసుకుని నివేదిక రాస్తుంది, స్వతంత్రుడైన అసెసర్ దాన్ని సరిచూస్తారు. రెండూ ప్రమాణాలకు సమ్మతమే.

రెండోదాన్ని సమర్థించేవాళ్లు ఖర్చు తగ్గుతుందనీ, ప్రమాణాలను సిబ్బంది స్వయంగా చదివి నేర్చుకుంటారనీ అంటారు. నలుగురున్న విభాగానికి పూర్తి మదింపు భారమన్నదీ నిజమే. వ్యతిరేకించేవాళ్లు చెప్పేదీ కొట్టిపారేయలేం: విభాగం తనకు కనపడని లోపాన్ని తన నివేదికలో రాయలేదు, సరిచూసేవాళ్లు ఆ నివేదిక గీసిన గీతల్లోనే నడుస్తారు. పై ఉదాహరణలో పగటి షిఫ్టు నమూనా సంగతి స్వీయ మదింపులో తేలే అవకాశం తక్కువ. చిన్న విభాగాలకు రెండో దారి సరిపోతుందనే నా అభిప్రాయం. కాకపోతే సరిచూసేవాళ్లు కొన్ని ఫైళ్లను తామే ఎంచుకుని మొదటి నుంచి చదవాలి, ఆడిట్ కమిటీ ఛైర్మన్‌తో తామే మాట్లాడాలి. ఈ రెండూ లేని ధ్రువీకరణ కాగితానికి ముద్ర వేయడంతో సమానం.

అయిదేళ్ల వ్యవధి మీదా వాదన ఉంది. అయిదేళ్లలో హెడ్, సాఫ్ట్‌వేర్, వ్యాపారం అన్నీ మారిపోవచ్చు కాబట్టి ఎక్కువ కాలమని కొందరంటారు. మధ్యలో విభాగం సొంతంగా జరపాల్సిన అంతర్గత మదింపులు ఆ ఖాళీని పూరిస్తాయని మరికొందరి జవాబు. ఆ అంతర్గత మదింపులు నిజంగా జరుగుతున్న చోట రెండో వాదన నిలుస్తుంది. అయిదో ఏడు మూడో త్రైమాసికంలో నాలుగేళ్ల చెక్‌లిస్టులు ఒక్క రోజే తయారైన చోట నిలవదు. ఫైళ్లు సిస్టమ్‌లో ఎప్పుడు పుట్టాయో చూస్తే ఆ సంగతి నిమిషంలో తెలిసిపోతుంది.

ఇంటర్నల్ ఆడిట్‌ను బయటి ఫర్మ్‌కు ఇచ్చినప్పుడు

విశాఖలోని మధ్యతరహా కంపెనీలు చాలావరకు ఇంటర్నల్ ఆడిట్‌ను ద్వారకానగర్, సిరిపురం వైపున్న సీఏ ఫర్మ్‌లకే అప్పగిస్తాయి. ‘వాళ్లకు పీర్ రివ్యూ సర్టిఫికెట్ ఉంది కదా, ఈక్యూఏ ఎందుకు’ అన్న మాట ఇక్కడే వస్తుంది. పీర్ రివ్యూ ఆ ఫర్మ్‌కు చెందినది, అది చూసేది ప్రధానంగా ఫర్మ్ చేసే ధ్రువీకరణ పనుల నాణ్యత. ఈక్యూఏ ఈ కంపెనీలోని ఇంటర్నల్ ఆడిట్ ఏర్పాటుకు చెందినది: చార్టర్‌ను బోర్డు ఆమోదించిందా, ప్లాన్ ఈ కంపెనీ రిస్కుల మీద వేసిందా లేక ఫర్మ్ అందరికీ ఇచ్చే నమూనాయా, నివేదిక ఎవరికి వెళ్తోంది. పని బయటికి ఇచ్చినా ఇంటర్నల్ ఆడిట్ సరిగ్గా నడిపించే బాధ్యత కంపెనీదే.

అందుకే ఒప్పందంలో రెండు మాటలు ముందే రాసుకోవాలి. ఏ ప్రమాణాల ప్రకారం పని చేస్తారన్నది మొదటిది. వర్కింగ్ పేపర్లను అసెసర్‌కు చూపాలన్నది రెండోది. రెండోది లేకపోతే, మదింపు రోజున ‘ఫైళ్లు మా ఆస్తి, చూపించలేం’ అని ఫర్మ్ అంటే అసెసర్ చేతిలో నివేదికలు తప్ప ఏమీ ఉండవు. ఫైళ్లు చూడని అసెసర్ అయిదో విభాగం మీద, అంటే ఒక్కో ఆడిట్‌ను చేసిన తీరు మీద, అభిప్రాయం ఇవ్వలేరు.